నీళ్లకు ముడి



చిన్నప్పుడు మా ఊళ్లో మేకలు కాసే కుర్రాడొకడు మాకు ఇంద్రజాలం చూపించేవాడు. కంచె మీద పాకిన ఒక తీగ నుంచి గుప్పెడు ఆకులు దూసేవాడు. సత్తుగిన్నెలో గ్లాసుడు నీళ్లు పోసి, ఆకుల్ని అందులో వేసి గట్టిగా పిసికేవాడు. పిప్పి తీసి పారేసి, పచ్చగా మారిన నీళ్ల మీద తువ్వాలు కప్పి, మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టేవాడు. "తొంగి చూశారో, పేరుకోదు" అని బెదిరించేవాడు. కాసేపయ్యాక తువ్వాలు తీసి గిన్నె బోర్లించేవాడు. నీళ్లు కిందపడేవి కావు! ఆకుపచ్చ రంగు జున్నులా గిన్నెను పట్టుకుని ఉండేవి. ఈతాకుతో ముక్కలు కోసి తలా ఒకటి చేతిలో పెట్టేవాడు. రుచంటారా, పచ్చి ఆకు రుచే. అయినా మేం కొట్టుకుని తినేవాళ్లం.

ఆ తీగ దూసరి తీగ. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ కంచెల మీదా పొదల మీదా అల్లుకుని కనిపిస్తుంది. తర్వాత ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాను. కిరణజన్య సంయోగక్రియకు నల్లబల్ల నిండా బొమ్మలు గీసినా పిల్లల కళ్లలో రాని వెలుగు, ఈ గిన్నె బోర్లించిన రోజు వచ్చేది. ఒక్కసారి ఆలోచించండి. ఆ గిన్నెలో ఉన్నది దాదాపు అంతా నీళ్లే. ఎవరూ కాచలేదు, గడ్డకట్టించలేదు, అందులో పిండి కలపలేదు. ఆకు చేసిన పనల్లా నీళ్లకు ముడి వేయడం. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ ముడి గురించే.

మన భాషలో ఈ సరుకుకు ఎన్ని పేర్లో! బెండకాయది జిగురు, తుమ్మచెట్టుది బంక, చేపది జిడ్డు, పసివాడి నోట్లోంచి కారితే చొంగ, ముక్కులోంచి కారితే చీమిడి. చెబుతుంటేనే మొహం ముడుచుకుంటుంది కదా! డాక్టర్లు మాత్రం కాస్త మర్యాదగా శ్లేష్మం అంటారు. ఆ మాటకు మూలం శ్లిష్ అనే సంస్కృత ధాతువు. అతుక్కోవడం, కౌగిలించుకోవడం అని అర్థం. ఒకే మాటలో రెండు అర్థాలు అతుక్కుని ఉంటే దాన్ని శ్లేష అంటామే, అదీ ఈ ధాతువు నుంచి పుట్టిందే. అంటే రాఘవపాండవీయంలో పింగళి సూరన రామకథనూ భారతకథనూ ఒకే పద్యంలో అతికించిన శ్లేషా, జలుబు చేసిన పిల్లవాడి శ్లేష్మమూ ఒక తల్లి బిడ్డలు. స్టాఫ్‌రూంలో ఈ మాట అన్నందుకు మా తెలుగు మాస్టారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

సరే, ఇంతకీ ఈ జిగురు ఏమిటి? మొక్కల్లో అయితే చక్కెరే. ఆశ్చర్యపోకండి. పంచదార నీళ్లలో వేస్తే కరిగి కనిపించకుండా పోతుంది, దాని అణువులు చిన్నవి కాబట్టి. అలాంటి చక్కెర అణువులే వేల సంఖ్యలో దండలా గుచ్చుకుంటే, ఆ దండకు పక్కకొమ్మలు కూడా వస్తే, అప్పుడు కథ మారుతుంది. దండ నీళ్లలో విచ్చుకుంటుంది. ఒళ్లంతా నీటిని అంటించుకుంటుంది. పక్కనున్న దండతో చిక్కు పడుతుంది. ఆ చిక్కుల్లో ఇరుక్కున్న నీరు పారదామన్నా పారలేదు. జంతువుల దగ్గరికొస్తే దండలోని దారం ప్రోటీను, దానికి కుచ్చుల్లా వేలాడేవి చక్కెరలు. దానికి మ్యూసిన్ అని పేరు. సరుకు వేరైనా చేసే పని ఒక్కటే, నీటిని కదలనీయకుండా పట్టుకోవడం.

ఎండాకాలంలో నిమ్మరసంలో వేసుకునే సబ్జా గింజల్ని చూడండి. వేసేటప్పుడు నల్ల నువ్వుల్లా ఉంటాయి. ఐదు నిమిషాల తర్వాత చూస్తే కప్పగుడ్లే! ఒక్కో గింజ చుట్టూ బూడిదరంగు జిగురు పొర. గింజ తొక్కలోని కణాల్లో ఈ జిగురు ఎండిపోయి, మడతపెట్టిన చీరలా అణిగి ఉంటుంది. తడి తగలగానే ఉబ్బి బయటికొస్తుంది. మొక్క ఈ ఏర్పాటు మన షర్బత్తు కోసం చేసుకోలేదు. తొలకరి చినుకు పడగానే గింజ అక్కడి మట్టికి అతుక్కుపోవాలి. గాలికి కొట్టుకుపోకూడదు. చీమ లాక్కుపోకూడదు. మొలక వచ్చేదాకా కాస్త తడి దగ్గరుండాలి. ఇసుక నేలలో పుట్టిన గింజకు అమ్మ కట్టిచ్చిన నీళ్ల మూట అది.

ఇసబ్‌గోల్ కూడా ఆ జాతి నీళ్ల మూటే. ఆ పేరు పారసీకం నుంచి వచ్చింది. గుర్రపు చెవి అని అర్థం, గింజ ఆకారం అలాంటిది మరి. గుజరాత్, రాజస్థాన్ రైతులు పండిస్తారు. గుజరాత్‌లోని ఉంఝా బజారు నుంచి దేశదేశాలకు వెళుతుంది. విచిత్రం చూడండి, ఏ పంటలోనైనా గింజ తీసుకుని పొట్టు పారేస్తాం. ఇక్కడ పొట్టుకే ఎక్కువ ధర. మన పేగులు దాన్ని అరిగించుకోలేవు, అదే దాని గొప్ప. నీళ్లు పట్టుకుని ఉబ్బి, లోపలున్నదాన్ని మెత్తబరిచి, దారి చూపిస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. పొడి పొట్టు నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకోకండి. అది గొంతులోనే ఉబ్బి అడ్డం పడవచ్చు. నిండు గ్లాసు నీళ్లు ఉండాల్సిందే. ఆ నీళ్లు మనం ఇవ్వకపోతే ఒంట్లోంచే లాక్కుంటుంది.

ఇక బెండకాయ. దీని గురించి మాట్లాడకపోతే వంటింట్లో ఉన్న శ్రోతలు నన్ను క్షమించరు. కాయల్ని కడిగాక తుడిచి, ఆరబెట్టి, అప్పుడు తరగాలని పెద్దవాళ్లు ఎందుకు చెప్పారంటే, కోసినచోట తెగిన కణాల్లోంచి వచ్చే జిగురుకు నీళ్లు దొరికితే మూడింతలు సాగుతుంది. మూతపెట్టి మగ్గిస్తే ఆవిరి నీళ్లై మళ్లీ అందులోనే పడుతుంది, కూర తీగలు సాగుతుంది. మూత తీసి వేయిస్తే ఆ నీరు పోతుంది, ముడి విడిపోతుంది. చింతపండు పులుసో పెరుగో తగిలినా జిగురు తగ్గుతుంది. పులుసు ముక్కల్లో బెండకాయ అంత మర్యాదగా ఉండటానికి కారణం అదే.

బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరారని సామెత. బ్రహ్మచారుల సంగతి నాకు తెలియదు కానీ ముదిరిన బెండమొక్క మాత్రం పనికొస్తుంది. కాయలు అయిపోయిన మొక్కల కాండాల్ని చితక్కొట్టి, నీళ్లలో పిసికి, ఆ జిగురు నీళ్లను మరుగుతున్న చెరకు రసంలో పోస్తారు. రసంలోని మడ్డి ఆ జిగురుకు పట్టుకుని, నురగతో పాటు పైకి తేలుతుంది. గరిటెలతో దాన్ని తీసేస్తే రసం తేటపడుతుంది. బెల్లం వండేవాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతి ఇది. ఇప్పుడు చాలాచోట్ల దాని స్థానంలో రసాయనాల పొడి వచ్చింది. ఎందుకంటే మనం కొట్టుకెళ్లి పచ్చగా నిగనిగలాడే అచ్చు ఏరుకుంటాం, నల్లటి దాన్ని పక్కన పెట్టేస్తాం. వండేవాణ్ణి అని ప్రయోజనం లేదు.

కూరగాయల్లో ఇంకొకటుంది, దాని ప్రయాణం వింటే నవ్వొస్తుంది. గోరుచిక్కుడు. తెలంగాణలో గోకరకాయ అంటారు, కొన్నిచోట్ల మటిక్కాయ. విందుభోజనంలో దీనికి పెద్ద గౌరవం ఉన్నట్టు నేనెక్కడా చూడలేదు. కానీ దీని ఎండు గింజల్లో ఉండే జిగురు పిండి చేస్తే చిటికెడు చాలు, చెంబుడు నీళ్లు చిక్కబడతాయి. ఐస్‌క్రీం కరకరలాడే మంచుపలుకులుగా మారకుండా చూసేది ఇలాంటి జిగుర్లే. అసలు గిరాకీ వచ్చింది అక్కడి నుంచి కాదు, అమెరికా చమురు బావుల నుంచి. అక్కడ భూమి లోతుల్లోని రాతిపొరల్లోకి విపరీతమైన ఒత్తిడితో నీళ్లూ ఇసుకా పంపి రాయిని చీలుస్తారు. ఆ చీలికల్లో ఇసుక రేణువులు ఇరుక్కుంటే అవి మళ్లీ మూసుకోవు, చమురూ గ్యాసూ బయటికొస్తాయి. ఉత్త నీళ్లలో అయితే ఇసుక దారిలోనే అడుగుకు దిగిపోతుంది. గోరుచిక్కుడు జిగురు కలిపితే తేలుతూ వెళుతుంది. అంతే, రాజస్థాన్ మెట్టపొలాల గింజలకు రెక్కలొచ్చాయి. ధర ఎంతలా ఎగిరిందంటే 2012 మార్చిలో ఆ గింజల మీదా బంక మీదా ముందే ధర కుదుర్చుకునే ఫ్యూచర్స్ వ్యాపారాన్నే నిలిపివేయాల్సి వచ్చింది. ఆ ధర చూసి రైతులు మరుసటేడు ఇంకా ఎక్కువ నేలలో వేశారు, ధర దిగింది. మిరపకాయ, ఉల్లిపాయ పండించే మనవాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకూ చెప్పింది మొక్క మామూలుగా తనలో దాచుకునే జిగురు. బంక వేరు. అది గాయం నుంచి వస్తుంది. బెరడు చీలినచోట కారి, గాలికి ఆరి, గాయానికి కట్టు కట్టినట్టు బిగుసుకుంటుంది. తుమ్మబంక మనందరికీ తెలిసిందే. మా బడిలో పుస్తకాల అట్టలకు చీటీలు అంటించాలంటే తుమ్మబంకైనా ఉండాలి, విరిగికాయలైనా దొరకాలి. నక్కెరకాయ అన్నా అదే. పండు నొక్కితే చాలు, తీగలు సాగే గుజ్జు వచ్చేది. చీటీ అంటుకునేది, వేళ్లూ అంటుకునేవి, ఆ వేళ్లతో ముందు బెంచీ అమ్మాయి జడ పట్టుకుంటే మాస్టారి బెత్తం కూడా మన వీపుకు అంటుకునేది.

మన కొండల్లో తపసి చెట్టని ఉంది. రాతిగుట్టల మీద, ఇంకే చెట్టూ నిలవని చోట, తెల్లటి నునుపు బెరడుతో నిలబడుతుంది. వేసవిలో ఆకులన్నీ రాల్చేసి, ఒంటికి బూడిద పూసుకున్న సన్యాసిలా కనిపిస్తుంది. దీని బంక నీళ్లలో కరగదు, ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కట్టుడుపళ్లు చిగుళ్లకు పట్టి ఉంచే పొడుల్లో, విరేచనం మందుల్లో వాడతారు. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల నుంచి కొనే సరుకుల్లో ఈ బంకకు పెద్ద పేరుండేది. పాత పద్ధతిలో గొడ్డలితో లోతుగా నరికేవారు. బంక ఎక్కువ కారేది, కొన్నేళ్లకు చెట్టు చచ్చేది. తర్వాత తర్వాత బెరడును పైపైన మాత్రమే చెక్కి, గాయం మానేదాకా చెట్టును వదిలేసే పద్ధతి నేర్పారు.

నరమామిడికి ఆ అదృష్టం కూడా పట్టలేదు. దీని ఎండు బెరడును దంచి పొడిచేసి తడిపితే గట్టి జిగురు. మన దేవుడిగదిలో వెలిగే అగరుబత్తిని చూడండి. బొగ్గుపొడీ చెక్కపొట్టూ ఆ సన్నటి వెదురుపుల్లను వదలకుండా పట్టుకోవాలి, మండేటప్పుడు రాలిపోకూడదు, ఆరిపోకూడదు. ఆ పని ఈ బెరడు పొడిది. వ్యాపారంలో దీన్ని జిగట్ అంటారు, మన జిగటకు ఎంత దగ్గరో చూడండి. కానీ బంక వేరు, బెరడు వేరు. బంక తీసుకున్నాక చెట్టు కోలుకోవచ్చు. మొదలు చుట్టూ బెరడు ఒలిచేస్తే ఆకు వండిన తిండి వేరుకు చేరే దారే తెగిపోతుంది. అలా ఒలిచీ ఒలిచీ చాలా అడవుల్లో ఈ చెట్టు కనిపించడమే అరుదైపోయింది. పరిమళం గురించి అగరుబత్తి డబ్బా మీద ఎంతో రాస్తారు. పుల్లకు దాన్ని అంటించిన చెట్టు పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇక జంతువుల వైపు వద్దాం. వానాకాలం పెరట్లో నత్త పోయిన దారి వెండిగీతలా మెరుస్తుంది. దాని అడుగున ఒకటే పాదం. కాళ్లు మార్చి మార్చి వేయడానికి రెండోది లేదు. మరి ఎలా నడుస్తుంది? ఆ జిగురులో ఒక తమాషా ఉంది. కదపకుండా ఉంచితే గట్టిగా బిగుస్తుంది, కొంచెం బలంగా తోస్తే జారుతుంది, వదిలితే మళ్లీ బిగుస్తుంది. నత్త పాదం కింద కండరాలు అలలు అలలుగా కదులుతాయి. అల ఉన్నచోట జిగురు జారుతుంది, మిగతాచోట పట్టుకుంటుంది. ఒకే జిగురు ఒకే క్షణంలో ఇక్కడ నూనె, అక్కడ బంక! అందుకే గోడ ఎక్కినా పడదు. ఎండలు ముదిరాక ఇదే జిగురును చిప్ప మూతికి పొరలా ఆరబెట్టుకుని, తలుపేసుకుని పడుకుంటుంది. ఈ జాతిలోనే చిప్పలేని జీవి ఒకటి, అపాయం వస్తే ఉన్నచోటే గట్టిగా అంటుకుపోయే జిగురు వదులుతుంది. దాన్ని చూసి అమెరికాలో హార్వర్డ్ శాస్త్రవేత్తలు తడి కండరానికి, నెత్తురు కారుతున్న చోటుకు కూడా అంటుకునే పట్టీ తయారుచేసి 2017లో ప్రకటించారు. తడి మీద అంటించడం మామూలు బంకలకు చేతకాని పని. నత్తసొన క్రీములు కూడా బజారులో ఉన్నాయి. అవి రాసుకుంటే వయసు తగ్గుతుందో లేదో గాని, పర్సు బరువు మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

చేప సంగతి చేపలు కోసేవాళ్లనే అడగాలి. చేతికి బూడిద రాసుకోకుండా కొరమీనును పట్టుకోగలిగినవాళ్లెవరు? ఆ జిడ్డు దానికి రోగాలు సోకకుండా కాపాడే చొక్కా, నీళ్లను కోసుకుంటూ పోవడానికి నూనె. పొడిచేతులతో చేపను పట్టి మళ్లీ నీళ్లలో వదిలితే, చొక్కా చిరిగినచోట బూజు పడుతుంది. మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందు వేస్తారు. ఉబ్బసం దాంతో తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. కానీ బతికున్న చేపపిల్ల అంత సులువుగా గొంతు దిగుతోందంటే కొంత పుణ్యం ఆ జిడ్డుది.

సముద్రం అడుగున హ్యాగ్‌ఫిష్ అని ఒక జీవి ఉంది. పాములా ఉంటుంది, దవడలు లేవు. సొరచేప వచ్చి కరిచిందంటే, రెప్పపాటులో దాని నోరంతా జిగురు. మొప్పలు మూసుకుపోయి, ఊపిరాడక, సొరచేపే వదిలేసి పోతుంది. హ్యాగ్‌ఫిష్ ఒంట్లోంచి వచ్చే అసలు సరుకు చెంచాడే. మిగతాదంతా సముద్రపు నీళ్లే. ఆ సరుకులో సన్నటి ప్రోటీను దారాలు, మగ్గం దగ్గర ఉండ చుట్టినట్టు, ఒక్కో కణంలో ఒక్కో ఉండగా చుట్టి ఉంటాయి. నీళ్లలో పడగానే జానెడు పొడవునా విప్పుకుని వల అవుతాయి. 2017 జులైలో అమెరికాలోని ఒరెగాన్‌లో ఈ చేపల్ని తీసుకెళుతున్న లారీ తిరగబడింది. 3 టన్నులకు పైగా సరుకు. రోడ్డంతా, కార్లంతా జిగురు. బుల్డోజర్లు తెచ్చి ఎత్తిపోయాల్సి వచ్చింది. మరి ఆ జిగురు హ్యాగ్‌ఫిష్‌కే ఊపిరాడకుండా చేయదా? అది తన ఒంటిని తాడులా ముడివేసి, ఆ ముడిని తోక నుంచి తలదాకా జరుపుకుంటూ ఒళ్లు తుడుచుకుంటుంది. నీళ్లకు ముడివేసి, తన ఒంటికి ముడివేసుకుని విడిపించుకునే జీవి!

అంత దూరం ఎందుకు, మన కడుపులోకే చూద్దాం. జీర్ణాశయంలో ఊరే ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటైనది. మాంసాన్ని కరిగిస్తుంది. మరి జీర్ణాశయం కూడా మాంసమే కదా, అది ఎందుకు కరగదు? లోపలి గోడకు పూసుకున్న శ్లేష్మం పొర వల్ల. మిల్లీమీటరుకు అటూఇటూ ఉండే మందం. ఆ పొరలో సోడా లాంటి క్షారం ఊరుతూ ఉంటుంది. పైన ఆమ్లం, అడుగున గోడ దగ్గరికి వచ్చేసరికి దాదాపు మంచినీళ్లు. కొన్ని నొప్పి మాత్రలు ఈ పొర ఊరడాన్నే తగ్గిస్తాయి. అన్నం తిన్నాక వేసుకోమని డాక్టరు అనేది ఊరికే కాదు.

ఈ గోడను దాటగల సూక్ష్మజీవి ఒకటుంది, హెలికోబాక్టర్ పైలోరి. అది శ్లేష్మాన్ని బలంతో చీల్చదు. యూరియా నుంచి అమ్మోనియా తయారుచేసి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చల్లారుస్తుంది. ఆమ్లం తగ్గగానే ఆ చోట శ్లేష్మం బిగువు సడలి పలచబడుతుంది. అది ఈదుకుంటూ లోపలికి పోతుంది. ముడి ఎలా విప్పాలో తెలిసిన దొంగ! కడుపులో పుండుకు కారణం ఆదుర్దా, మిరపకాయ కారం అని అందరూ నమ్ముతున్న రోజుల్లో, ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ ఈ క్రిమి పనే అన్నాడు. ఎవరూ వినలేదు. 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు, నోటి దుర్వాసన. లోపలికి గొట్టం వేసి చూస్తే జీర్ణాశయం వాచి ఉంది. ఆయనకూ, ఆయన సహచరుడు రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు చాలామంది పుండు రోగులకు రెండు వారాల యాంటీబయోటిక్స్‌తో నయమవుతోంది. పాపం, మిరపకాయ మీద నింద మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

స్టూడియో అద్దం అవతల నుంచి ప్రొడ్యూసరు గారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క మాట. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల గొంతులో స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. ఈ పావుగంటలో నావి లక్షకు అటూఇటూగా కొట్టుకుని ఉంటాయి. అన్ని దెబ్బలకు అవి ఒరుసుకుపోకుండా ఉన్నది వాటి మీదున్న పలచటి శ్లేష్మం పొర వల్ల. మీరు విన్న ప్రతి అక్షరం దాని మీదుగా జారి వచ్చిందే. ఇప్పుడది కాస్త ఆరుతున్నట్టుంది, చివరి నాలుగు మాటలూ గరగరమంటున్నాయి. బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టారు. తాగి వస్తాను.